తేలే లోకపు బొమ్మలు: ఎవరి విలాసం, ఎవరి శ్రమ?

జపాను కొయ్యచ్చు బొమ్మలను గురించి మాట వచ్చినప్పుడు మనవాళ్ళలో రెండు అభిప్రాయాలు వినవస్తూ ఉంటాయి. ఒకటి రసజ్ఞులది. ఆ రేఖలోని సౌకుమార్యం, ఆ రంగుల పొందిక, ఆ స్త్రీమూర్తుల మెడ వంపు చూసి మైమరచిపోవటమే సహృదయ లక్షణమని, అక్కడ వర్గాలూ సంఘమూ అంటూ ప్రశ్నలు వెయ్యటం అరసికత్వమని వారు అంటారు. రెండవది మన అభ్యుదయ శిబిరంలోనే కొందరు మిత్రులది. ధనిక వర్తకులు డబ్బిచ్చి గీయించుకొన్న వేశ్యల బొమ్మలలో, నాటకాలవాళ్ళ బొమ్మలలో ప్రజలకు పనికివచ్చేది ఏముంటుంది, అది క్షీణ సంస్కృతి కాక మరేమిటి అని వారు ఒక్క మాటలో తేల్చివేస్తారు.

ఈ రెండు అభిప్రాయాలూ పైకి పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి గాని నిజానికి రెండింటిలోనూ ఉన్న లోపం ఒక్కటే. ఇద్దరూ బొమ్మను నిదానంగా చూడరు. రసజ్ఞుడు బొమ్మ ఉపరితలం దగ్గర ఆగిపోతాడు. మన మిత్రుడు బొమ్మ దాకా రానే రాడు. దానిని కొన్నవాడి వర్గం తెలియగానే తీర్పు రాసేస్తాడు. ఏ శ్రమ మీద ఈ విలాసం నిలబడిందో, ఆ శ్రమ ఈ బొమ్మలలో కనిపిస్తున్నదా లేదా అనే అసలు ప్రశ్నను ఇద్దరూ అడగరు. ఆ ప్రశ్న అడిగి చూద్దామన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

*

ముందుగా ఈ కళ పుట్టిన నేలను గురించి కొంత తెలుసుకోవాలి. 1603లో తోకుగావా ఇయెయాసు షోగన్ అయి ఎడో పట్టణాన్ని తన పరిపాలనా కేంద్రం చేసుకొన్నాడు. అదే 1868లో టోక్యోగా పేరు మార్చుకొన్న నగరం. తోకుగావాల పాలన రెండున్నర శతాబ్దాలకు పైగా సాగింది. ఆ వ్యవస్థలో సంఘాన్ని నాలుగు అంతస్తులుగా పేర్చారు: పైన యోధులైన సమురాయిలు, వారి కింద రైతులు, ఆ కింద చేతిపనివారు, అందరికంటె కింద వర్తకులు. వడ్లు పండించే రైతుకు కాగితం మీద రెండవ స్థానం దక్కింది. అతడు పండించిన ధాన్యం మాత్రం పన్నుగా పోయేది. వస్తువును తయారు చెయ్యక, చేతులు మార్చి లాభం తీసేవాడని వర్తకుడిని అట్టడుగున పెట్టారు; డబ్బు మాత్రం వాడి దగ్గరే పోగుపడింది.

1635లో మరొక నియమం స్థిరపడింది. సామంత ప్రభువులందరూ ఏడాది విడిచి ఏడాది పరివార సమేతంగా ఎడోలో కాపురం ఉండాలి. భార్యాబిడ్డలను శాశ్వతంగా అక్కడే ఉంచాలి. ప్రభువులు తిరగబడకుండా పన్నిన పన్నాగం ఇది. దాని ఫలితం మాత్రం వేరొక విధంగా పరిణమించింది. ఊరునిండా కుటుంబాలను ఊళ్ళలో వదిలివచ్చిన మగవాళ్ళు, వాళ్ళ అవసరాలు తీర్చే దుకాణాలు, చేతిపనివాళ్ళు, కూలీలు చేరారు. పద్దెనిమిదవ శతాబ్దం నాటికి ఎడో జనసంఖ్య సుమారు పది లక్షలకు చేరింది. వర్తకుడికి ధనం ఉన్నది గాని అధికారం లేదు. భూమి మీద గాని, పరిపాలనలో గాని అతడికి చోటు లేదు. ఎంత సంపాదించినా అంతస్తు మారదు. అటువంటివాడు తన ధనాన్ని ఖర్చుపెట్టగల చోట్లు రెండే: కబుకి నాటకశాల, యోషివారా వేశ్యావాటిక.

ఈ రెండు చోట్ల జీవితానికే 'ఉకియో' అని పేరు వచ్చింది. ఈ మాట చరిత్ర గమనించదగ్గది. బౌద్ధుల వాడుకలో అది దుఃఖమయమైన లోకం. అదే ఉచ్చారణ ఉంచి, 'దుఃఖం' అనే లిపికి బదులు 'తేలటం' అనే లిపి రాసి, ఎడో కాలపు పట్టణవాసులు దానిని తేలిపోయే లోకంగా మార్చుకొన్నారు. 1660ల తొలినాళ్ళలో అసాయి ర్యోయి రాసిన 'ఉకియో కథ' ఈ కొత్త అర్థానికి ప్రచారం తెచ్చింది. ఎట్లాగూ నిలవని లోకం కదా, నదిలో తేలే సొరకాయ బుర్రలాగా నిశ్చింతగా పోదాం అనే భావం అది. దుఃఖం అనే మాటను లిపిలోనుంచి తీసివేశారు, లోకంలోనుంచి తీసివేయలేదు. ఎవరి వంతు దుఃఖం వారికి ఉండనే ఉన్నది. ఈ లోకపు బొమ్మలే 'ఉకియో-ఎ'.

*

ఈ బొమ్మ ఎట్లా తయారవుతుందో తెలియకుండా దీనిని గురించి రాసే విమర్శ సగం విమర్శే అవుతుంది.

ఒక్క బొమ్మ వెనక నలుగురున్నారు. పెట్టుబడి పెట్టి, ఏ బొమ్మ వెయ్యాలో నిర్ణయించేవాడు ప్రకాశకుడు. పలుచని కాగితం మీద సిరాతో గీతలు గీసేవాడు చిత్రకారుడు. ఆ కాగితాన్ని అడవి చెర్రీ చెక్క మీద బోర్లా అంటించి, గీత మిగిలేటట్లు చుట్టూ ఉన్న చెక్కనంతా తొలిచేవాడు చెక్కుడు పనివాడు. చెక్కటంలో చిత్రకారుడి మూలచిత్రం నాశనమైపోతుంది. ఆ తరువాత మిగిలేది దిమ్మె ఒక్కటే. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క దిమ్మె కావాలి. చివరకు దిమ్మె మీద రంగు పూసి, మల్బరీ జాతి చెట్టు బెరడుతో చేసిన కాగితం పరచి, వెదురు పొరతో చుట్టిన 'బారెన్' అనే బిళ్ళతో వెనకనుంచి రుద్దేవాడు అద్దకపు పనివాడు. పది రంగులుంటే ఒక్క కాగితాన్నే పదిసార్లు పరచాలి. వెంట్రుకవాసి జరిగినా బొమ్మ చెడిపోతుంది. అందుకని ప్రతి దిమ్మె మూలనా ఒక గుర్తు, అంచున ఒక గుర్తు చెక్కేవారు. అద్దకమంటే ఏమిటో తెలిసిన మచిలీపట్నం, పెడన ప్రాంతాలవారికి ఈ పనిలోని కష్టాన్ని వేరే వివరించి చెప్పనక్కరలేదు.

ఉతమారో గీసిన స్త్రీల నొసటి మీద, జుట్టు మొదలయ్యే చోట, ఒక్కొక్క వెంట్రుకా విడివిడిగా కనిపిస్తుంది. దానిని చూసి ఉతమారో తూలికా నైపుణ్యాన్ని మెచ్చుకోనివారు లేరు. కాని చిత్రకారులు చాలాసార్లు జుట్టు ఆకారాన్ని మాత్రమే సూచించి విడిచేవారు. ఆ వెంట్రుకలను చెక్కలో నిలబెట్టినది ఏళ్ళ తరబడి శిష్యరికం చేసి, ముఖాలు చెక్కే స్థాయికి చేరిన పనివాడి ఉలి. అట్లాగే హిరోషిగే ఆకాశంలో పైన ముదురు నీలం కిందికి వచ్చేసరికి పలచబడి కాగితపు తెలుపులో కలిసిపోతుంది. ఆ సంధ్య అందమంతా అద్దకపు పనివాడు దిమ్మె మీద తడిగుడ్డతో, కుంచెతో ప్రతి కాగితానికీ కొత్తగా సాధించినది. వంద బొమ్మలకు వందసార్లు సాధించినది.

బొమ్మ మీద సాధారణంగా ఉండే పేర్లు రెండే: చిత్రకారుడి సంతకం, ప్రకాశకుడి ముద్ర. మిగిలిన ఇద్దరి పేర్లూ చాలావాటి మీద ఉండవు.

మొదటినుంచీ ఇట్లాగే ఉన్నదా అంటే, లేదు. పదిహేడవ శతాబ్దం చివర హిషికవా మొరొనోబు కాలంలో బొమ్మలు నల్లగీతలతోనే ఉండేవి. బహువర్ణ ముద్రణ 1765లో సుజుకి హరునోబు బొమ్మలతో వచ్చింది. ఆ ఏడాది కొందరు సంపన్న కవితాప్రియులు తమలో తాము పంచుకోవటానికి బొమ్మల పంచాంగాలు వేయించారు. పంచాంగం అచ్చువెయ్యటం అధికారుల అనుమతి ఉన్నవారి గుత్త హక్కు. అందుకని పెద్ద నెలలు, చిన్న నెలలు తెలిపే అంకెలను చీర మడతల్లో, ఆరవేసిన బట్టల్లో దాచిపెట్టారు. పోటీ పడి ఖర్చు పెట్టారు కాబట్టి రంగులు పెరిగాయి. ఆ తొలి బొమ్మలలో కొన్నిటి మీద ఊహ చెప్పిన పోషకుడి పేరుతోపాటు చెక్కినవాడి పేరు, అద్దినవాడి పేరు కూడా ఉన్నాయి. తరువాత ఆ దిమ్మెలే వ్యాపారుల చేతికి వచ్చాయి. నెలల అంకెలు చెరిగిపోయాయి. పేర్లు కూడా వాటితోపాటే పోయాయి. బొమ్మ బజారు సరుకు కాగానే దానిని చేసిన చేతులు కనిపించకుండా పోయాయన్నమాట. మార్క్సు సరుకును గురించి చెప్పిన విషయానికి ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతం కళాచరిత్రలో దొరకటం కష్టం.

అయితే ఈ బజారుకు మరొక ముఖం కూడా ఉన్నది. దానిని దాచటం నిజాయితీ కాదు. సామంత ప్రభువుల భవనాలలో బంగారు రేకుల తెరల మీద వేసిన చిత్రాలను సామాన్యుడు కన్నెత్తి చూడటానికి వీలులేదు. ఈ అచ్చుబొమ్మ మాత్రం వీధిలో అంగడి ముందు వేలాడేది. మామూలు బొమ్మ ఖరీదు ఒక గిన్నెడు నూడుల్సు ఖరీదుకు కాస్త అటూ ఇటూ. వడ్రంగి కొనగలడు, పల్లకీ బోయీ కొనగలడు, దుకాణంలో గుమాస్తా కొని సొంత ఊరికి కానుకగా తీసుకుపోగలడు. పోషకుడి గుమ్మం దాటి బజారులోకి వచ్చిన కళ పనివాడి పేరును పోగొట్టింది, పనివాడినే కొనుగోలుదారుగా సంపాదించింది. ఈ రెండూ ఒకే పరిణామానికి రెండు ముఖాలు. ఒకదానిని చూసి రెండవదానిని చూడకపోవటం గతితర్కం కాదు.

*

ఇక యోషివారా సంగతి. 1617లో ప్రభుత్వం అనుమతి ఇచ్చిన వేశ్యావాటిక అది. 1657లో ఎడోను దహించిన అగ్నిప్రమాదం తరువాత దానిని ఊరి వెలుపల అసకుసా వెనక పొలాలలోకి మార్చారు. చుట్టూ గోడ, గోడ చుట్టూ కందకం, రాకపోకలకు ఒకే ద్వారం. కందకం బయటివాళ్ళు రాకుండా కాదు, లోపలివాళ్ళు పోకుండా. పన్ను కట్టలేని, కరువు తట్టుకోలేని ఇళ్ళ ఆడపిల్లలను ఏడెనిమిదేళ్ళ వయస్సులో దళారుల ద్వారా అమ్మేవారు. కాగితం మీద అది కొన్నేళ్ళ కొలువు. పదేళ్ళు అనేది వాడుక. కట్టుకొనే కిమోనో, పడుకొనే పరుపు, దువ్వుకొనే దువ్వెన అన్నీ ఆమె బాకీలోనే రాసేవారు. బాకీ తీరకముందే చాలామంది ఆయుస్సు తీరేది. దగ్గరలోని జోకాంజి అనే ఆలయానికి జనం 'విసిరేసే గుడి' అని పేరు పెట్టారు. దిక్కులేని యోషివారా స్త్రీల శవాలను తెచ్చి అక్కడ వదిలిపోయేవారు. అక్కడ మట్టిలో కలిసినవారు పాతిక వేలమంది ఉంటారని అంచనా.

ఈ వాస్తవం ఉతమారో బొమ్మలలో ఉన్నదా? కందకం లేదు, గోడ లేదు, బాకీపత్రం లేదు, రోగం లేదు, శవం లేదు. ఉన్నవి పట్టుబట్టలు, దంతపు దువ్వెనలు, తెల్లని మెడలు. పైగా వీటిలో చాలా బొమ్మలు నేరుగా వ్యాపార ప్రకటనలు. 1770లలో ఇసోదా కొర్యుసాయి వందకు పైగా బొమ్మలతో ఒక వరుస వేశాడు. పేరుపొందిన వేశ్యలు కొత్త కొత్త నమూనా కిమోనోలు కట్టుకొని నిలుచున్న బొమ్మలవి. ఇంటి యజమానికి వేశ్య, బట్టల వర్తకుడికి బట్ట, ఇద్దరి సరుకుకూ ఒకే కాగితం మీద ప్రచారం. ఉతమారోను వెలుగులోకి తెచ్చిన ప్రకాశకుడు త్సుతాయా జూజబురో యోషివారాలోనే పుట్టి, ఏ ఇంట్లో ఏ వేశ్య ఉన్నదో తెలిపే మార్గదర్శినులు అచ్చువేసి పైకి వచ్చినవాడు. కాబట్టి మన మిత్రుల ఆరోపణ నిరాధారమేమీ కాదు. నేరస్థలంలో అచ్చుబొమ్మ ఉన్నది. ఆ సంగతి ఒప్పుకోక తప్పదు.

కాని ఇక్కడితో తీర్పు రాయవచ్చునా? 1794 ప్రాంతంలో ఉతమారో గీసిన 'యోషివారా పన్నెండు ఘడియలు' అనే వరుసను చూడండి. జపానువారు అప్పుడు దినాన్ని పగలు ఆరు, రాత్రి ఆరు, మొత్తం పన్నెండు భాగాలు చేసేవారు. ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క జంతువు పేరు. ఒక్కొక్క బొమ్మలో ఆ వేళప్పుడు యోషివారా స్త్రీ ఏమి చేస్తున్నదో చూపాడు. కుందేలు వేళ, అంటే తెల్లవారుజామున, ఒక స్త్రీ మగవాడి పైకోటు పట్టుకొని నిలబడి ఉంటుంది. కోటు లోపలి పట్టు మీద బోధిధర్ముడి బొమ్మ. కోటు ఉన్నది, తొడుక్కొనే మనిషి లేడు. డబ్బిచ్చి వచ్చిన అతిథి ఈ బొమ్మలో అంచుకు అవతల ఉండిపోయాడు. కుక్క వేళ, రాత్రి మొదటి జాములో, ఉత్తరం రాస్తున్న స్త్రీ వెనకకు తిరిగి చిన్నపిల్ల చెవిలో ఏదో చెబుతుంది. ఉత్తరాలు రాయటం వారి వృత్తిలో భాగం. రానివాళ్ళను రప్పించటానికి రాసే ఉత్తరాలవి. ఆ చిన్నపిల్ల ఇంకా పనిలోకి దిగనిది, పని నేర్చుకొంటున్నది.

అన్నిటికంటె ఎద్దు వేళ బొమ్మ దగ్గర నా చూపు ఆగిపోయింది. రాత్రి ఒంటిగంట దాటిన సమయం. నిద్ర మధ్యలో లేచిన స్త్రీ. ఒక చేతిలో వెలిగించిన కాగితపు పురి, రెండవ చేతిలో మెత్తని కాగితాలు. వదులుగా జారిన వస్త్రం. కళ్ళు సగం మూతలు పడుతున్నాయి. ఒక కాలు చెప్పు కోసం నేల మీద తడుముతున్నది. అంతే. ఆమె ఎవరినీ ఆకర్షించటం లేదు. ఎవరైనా చూస్తున్నారేమోనన్న స్పృహ కూడా లేదు. పని మధ్యలో లేచిన మనిషి ముఖంలో ఉండే అలసట అది. రాత్రి షిఫ్టు చేసే నర్సు ముఖంలో, తెల్లవారుజామున బస్సు దిగే కూలి ముఖంలో మనం చూసే అలసట అదే.

ఈ వరుస పేరులోనే ఒక రహస్యం బయటపడుతున్నది. వచ్చే మగవాడికి యోషివారా ఒక పూట విలాసం. అక్కడ ఉన్న స్త్రీకి అది పన్నెండు ఘడియల దినచర్య, అంటే పనిగంటల పట్టిక. ఒకరి తీరిక మరొకరి పని అయిన చోట, ఆ తీరికను నిజాయితీగా చిత్రించబోయినవాడు పనిని చిత్రించక తప్పదు. ఉతమారో ఆ స్త్రీల విముక్తి కోరాడని నేను అనటం లేదు. అందుకు ఆధారమేమీ లేదు. ఈ బొమ్మలు కూడా త్సుతాయా సరుకే. కాని అతడి కన్ను అతడి వ్యాపారం కంటె ఎక్కువ చూసింది. బాల్జాక్ రాజరిక పక్షపాతి అయివుండి కూడా ఆ వర్గం పతనాన్ని ఎట్లా చూపగలిగాడో ఎంగెల్స్ 1888లో ఒక లేఖలో వివరించాడు. రచయిత అభిప్రాయం వేరు, అతడి వాస్తవిక దృష్టి సాధించినది వేరు అన్న ఆ సూత్రాన్ని మనం నవలకు ఒప్పుకొని బొమ్మకు ఎందుకు ఒప్పుకోకూడదు? 'కన్యాశుల్కం'లో మధురవాణిని చదువుకొన్న భాషవాళ్ళం మనం. వేశ్య కనిపించగానే విలాస సాహిత్యమని పుస్తకం మూసేసేవాళ్ళమైతే గురజాడను కూడా మూసెయ్యవలసి వచ్చేది.

ఉతమారో వంటగది బొమ్మ మరొకటి ఉన్నది. ఒకామె వెదురు గొట్టంతో పొయ్యి ఊదుతున్నది. ఆవిరికీ పొగకూ మరొకామె ముఖం చిట్లించుకొన్నది. ఒకామె వంకాయ చెక్కు తీస్తున్నది. పాత్ర తుడుచుకొంటున్న తల్లి వీపున పిల్లవాడు వేలాడుతున్నాడు. ఇక్కడ పట్టు లేదు, దంతపు దువ్వెన లేదు. 'తేలే లోకం' చిత్రకారుడికి ఈ వంటగదిలో ఏమి పని అని అడగవచ్చు. సమాధానం సులభం. కొనేవాళ్ళలో వంటగదివాళ్ళు కూడా ఉన్నారు.

*

ఇవి కేవలం నిరపాయమైన అందాలే అయితే షోగన్ ప్రభుత్వం వీటిని చూసి ఎందుకు ఉలిక్కిపడింది? 1790 నుంచి బొమ్మ అచ్చుకు పోయే ముందు పరీక్షాధికారి ముద్ర తప్పనిసరి అయింది. 1791లో సంతో క్యోదెన్ రాసిన వేశ్యావాటిక కథలు అచ్చువేసినందుకు త్సుతాయా ఆస్తిలో సగం జప్తు చేశారు. రచయితకు యాభై రోజులు చేతులకు సంకెళ్ళు. 1793లో బొమ్మల మీద వేశ్యలు కాని స్త్రీల పేర్లు రాయటాన్ని నిషేధించారు.

ఈ చివరి నిషేధం అర్థం తెలుసుకోవాలి. ఉతమారో ఒకితా, ఒహిసా అనే టీ దుకాణపు అమ్మాయిల బొమ్మలు పేర్లతో సహా వేశాడు. అంతకు ముందు హరునోబు ఒసెన్ అనే టీ దుకాణపు పిల్లను ఎడో అంతటా ప్రసిద్ధం చేశాడు. వీళ్ళు ప్రభువుల కూతుళ్ళు కారు, అమ్ముడుపోయిన వేశ్యలూ కారు. టీ అందించి బతికే మామూలు పనిపిల్లలు. పనిపిల్లకు ముఖం ఉండవచ్చు గాని పేరు ఉండకూడదన్నదే ఆ శాసనం. అమ్ముడుపోయిన ఆడదాని పేరు సరుకు పేరు కాబట్టి దానికి అభ్యంతరం లేదు. అదైనా ఆమె తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, వేశ్యాగృహం పెట్టిన పేరు. ఉతమారో ఊరుకోలేదు. బొమ్మ మూలన చిన్న చిన్న వస్తువులు గీసి, వాటి పేర్లు కలిపి చదివితే అమ్మాయి పేరు వచ్చేటట్లు చేశాడు. 1796లో ఆ పొడుపుకథలను కూడా నిషేధించారు. 1804లో హిదెయోషి అనే పూర్వ పాలకుడిని భార్యలతో విలాసంగా ఉన్నట్లు వేసినందుకు ఉతమారోకు కూడా యాభై రోజులు సంకెళ్ళు వేశారు. రెండేళ్ళకు చనిపోయాడు.

1841లో మొదలైన సంస్కరణల కాలంలో నటుల, వేశ్యల బొమ్మలనే పూర్తిగా నిషేధించారు. 1843లో కునియోషి ఒక పురాణగాథను మూడు కాగితాల బొమ్మగా వేశాడు. జబ్బుపడిన ప్రభువు, కాపలా భటులు, వెనక చీకటిలో మూగిన భూతాల గుంపు. ఆ భూతాలు సంస్కరణల వల్ల బతుకులు చెడిన వృత్తులవాళ్ళేనని ఎడో ప్రజలు చదువుకొన్నారు. ప్రకాశకుడు భయపడి బొమ్మలు వెనక్కు తీసుకొని దిమ్మెలు నాశనం చేశాడు. తరువాత కునియోషి గోడ మీద పిల్లల పిచ్చిగీతలలాగా నటుల ముఖాలు వేసి మళ్ళీ చట్టాన్ని ఎగతాళి చేశాడు. విలాసం వేషంలో ఉన్న ఈ కళకు పాలకుల ముందు తలవంచని గుణం ఒకటి ఉన్నది. అయితే దీనిని విప్లవ కళ అనటం కూడా అతిశయోక్తే. వర్తకుడు అధికారాన్ని ఎగతాళి చేశాడు, అధికారం కోరలేదు. రైతు తిరుగుబాట్లు ఈ బొమ్మలలో దాదాపు కనిపించవు. పట్టణపు కన్ను పల్లెను దారిలో తగిలినప్పుడే చూసింది.

దారిలో తగిలినప్పుడు మాత్రం బాగానే చూసింది. హొకుసాయి 1830 తరువాత ప్రకటించిన 'ఫుజి పర్వతపు ముప్పయి ఆరు దృశ్యాలు' (నిజానికి 46 బొమ్మలు) తీసుకోండి. లోకమంతా 'పెద్ద అల'ను ఎరుగును. అల కింద ఉన్న మూడు పడవలను ఎంతమంది ఎరుగుదురు? ఎడో బజారుకు తాజా చేపలు చేరవేసే పడవలవి. తెడ్ల మీద బోర్లా వంగి ప్రాణాలు బిగబట్టిన మనుషులు వాటిలో ఉన్నారు. ఒవారి మైదానపు బొమ్మలో పీపాలు చేసేవాడు మనిషెత్తు దాటిన పీపా లోపల వంగి చిత్రిక పడుతుంటాడు. పవిత్రమైన ఫుజి అతడి పీపా చట్రంలోనుంచి చీమంత కనిపిస్తుంది. దేవతల కొండను కొలవటానికి పనివాడి పనిముట్టు కొలబద్ద అయింది.

*

1833-34లలో హిరోషిగే 'తొకైదో యాభై మూడు మజిలీలు' వేశాడు. అందులో గోయు అనే మజిలీ బొమ్మతో నా ప్రశ్నకు వస్తాను.

సాయంసంధ్య. సన్నని వీధి. సత్రాల ఆడవాళ్ళు బాటసారుల మీద పడి లాగుతున్నారు. ఒకతె ఒకడి మూట పట్టుకొని గుంజుతుంటే ఆ కట్టు వాడి గొంతుకు బిగుసుకొంటున్నది. చూడగానే నవ్వు వస్తుంది. వీళ్ళు అన్నం వడ్డించే పేరుతో సత్రాలవాళ్ళు పెట్టుకొన్న స్త్రీలు. రాత్రికి వాళ్ళ పని వడ్డనతో తీరదు. అతిథిని తీసుకురాకపోతే వాళ్ళకు గడవదు. సత్రం కిటికీలో మరొకతె చెయ్యి ఆనించుకొని వీధిలోకి చూస్తున్నది. ఆమె నవ్వటం లేదు.

లోపల గోడకు పలకలు వేలాడుతున్నాయి. మామూలుగా యాత్రికుల సంఘాల పేర్లు రాసే పలకలవి. వాటి మీద హిరోషిగే రాయించినది వేరు. ఒక పెద్ద గుండ్రని పలక మీద ప్రకాశకుడి పేరు. పక్కన వరుసగా చెక్కినవాడు జిరోబెయి, అద్దినవాడు హెయిబెయి, గీసినది ఇచిర్యూసాయి. ఇచిర్యూసాయి అంటే హిరోషిగేయే. డెబ్బయి ఏళ్ళ కిందట బజారు చెరిపేసిన రెండు పేర్లు ఒక సత్రం గోడ మీదికి తిరిగి వచ్చాయి. యజమాని పేరు పెద్దదే, అది వ్యాపార ధర్మం. కాని పనివాళ్ళు ఇద్దరూ చిత్రకారుడి పక్కన వరుసలో నిలబడ్డారు. వరదాకాలపు గట్టులాగా వచ్చి మళ్ళీ మునిగిపోయిన క్షణం ఇది.

అయితే ఆ పలకల కింద వీధిలో గుంజులాడుతున్న స్త్రీలకు పేర్లు లేవు. కిటికీలో నవ్వని స్త్రీకి పేరు లేదు. జిరోబెయి, హెయిబెయి తమ పేర్లు తాము చెక్కుకోగలిగారు, ఉలీ బారెనూ వాళ్ళ చేతిలో ఉన్నాయి కాబట్టి. ఆమె చేతిలో ఏమీ లేదు. 1872లో ప్రభుత్వం వేశ్యల విడుదలకు ఆజ్ఞ ఇచ్చినప్పుడు చెప్పిన కారణం చూడండి: వీళ్ళు మానవ హక్కులు పోగొట్టుకొని ఎడ్లు, గుర్రాలతో సమానమయ్యారు, ఎడ్లను గుర్రాలను బాకీ తీర్చమని అడగలేము కదా అని. ఆ తరువాత కూడా 'గదుల అద్దె' అనే కొత్త పేరుతో యోషివారా సాగింది. 1956లో చేసిన నిరోధక చట్టం 1958లో పూర్తిగా అమలులోకి వచ్చేదాకా దాని దీపాలు ఆరలేదు.

*

ఈ బొమ్మలు యూరపుకు చేరిన తరువాత వాటి కథ వేరయింది. వాన్ గో 1887లో హిరోషిగే బొమ్మలను తైలవర్ణాలలో తిరిగి వేసి నేర్చుకొన్నాడు. అది ఒక పనివాడు మరొక పనివాడికి చూపిన గౌరవం. 1891లో ఎద్మో ద గొంకూర్ ఉతమారో మీద పుస్తకం రాసి, ఆయనను 'ఆకుపచ్చ ఇళ్ళ' చిత్రకారుడన్నాడు. ఆకుపచ్చ ఇళ్ళంటే వేశ్యాగృహాలు. అప్పటినుంచి సంపన్నుల గోడల మీద యోషివారా ఒక స్వప్నలోకం అయిపోయింది. కందకం అక్కడికి ప్రయాణం చెయ్యలేదు.

మన దేశానికి వచ్చిన జపాను ప్రభావం కూడా ఈ వీధిబొమ్మలది కాదు. 1901-02లలో కలకత్తాలో ఉన్న ఒకాకురా తన 'ప్రాచ్య ఆదర్శాలు' గ్రంథంలో వీటి నైపుణ్యాన్ని ఒప్పుకొంటూనే జపాను కళ ప్రధాన ధారకు పక్కన ఉన్నవిగా లెక్కగట్టాడు. 1903లో వచ్చిన తైకాన్, షున్సో అనే చిత్రకారుల నుంచి అవనీంద్రుడు గ్రహించినది పొగమంచు వంటి నీటిరంగుల కడుగు పద్ధతి. ఆ పద్ధతి ప్రమోదకుమార చటర్జీ ద్వారా మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలకు, అడివి బాపిరాజుకు చేరింది. ఆధ్యాత్మిక జపాను మనకు వచ్చింది. పీపాలవాడి జపాను, వంటగది జపాను రాలేదు. చిత్రమేమిటంటే అంతకు చాలా ముందే ఎదురు దిశలో మన కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలు డచ్చి ఓడలమీద జపాను చేరాయి. అక్కడ వాటిని 'సరస' అని పిలిచి అపురూపంగా దాచుకొన్నారు. ఆ దిమ్మెలు చెక్కినవాడి పేరు, రంగు అద్దినవాడి పేరు ఏ బట్ట అంచున ఉన్నాయి?

కాబట్టి రసజ్ఞ మిత్రులకు నా మనవి: ఆ మెడ వంపును మెచ్చుకోండి, తప్పులేదు. కాని ఎద్దు వేళ చెప్పు కోసం తడుముతున్న ఆ కాలును కూడా చూడండి. అది చూడని సౌందర్య దృష్టి సౌందర్యానికే అన్యాయం చేస్తుంది. అభ్యుదయ మిత్రులకు నా మనవి: ఎవరు కొన్నారని అడగటం అవసరమే. కాని విమర్శ అక్కడ మొదలు కావాలి, అక్కడ ముగియకూడదు. ఎవరు చెక్కారు, ఎవరు అద్దారు, బొమ్మలో ఉన్నది ఎవరు, ఆమెను ఏమని పిలిచేవారు అని వరుసగా అడగాలి. ఈ ప్రశ్నలకు గోయు సత్రం గోడ మీద సగం జవాబు దొరికింది. మిగిలిన సగం విసిరేసే గుడి మట్టిలో ఉన్నది. ఆ సగాన్ని జ్ఞాపకం పెట్టుకొని ఈ బొమ్మలను చూసినప్పుడే వాటి అందం మనకు నిజంగా అందుతుంది.